నా పోస్ట్-పంక్, సింథ్ మిక్స్ క్యాసెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

వేర్వేరు బ్యాండ్ల పాటలు ఏరి, ఇంట్లో కూర్చుని ఒక క్యాసెట్‌లో పేర్చిన ఈ మిక్స్‌ని స్నేహితులకు పంచడం మొదలుపెట్టాక, అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్తుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

అసలు ఈ క్యాసెట్‌లో ఏముంది?

ఇది 60 నిమిషాల క్యాసెట్. రెండు వైపులా కలిపి 16 పాటలు. దాదాపు అన్నీ 1978కీ 1984కీ మధ్య రికార్డయినవే. లండన్‌లో ఒక అద్దె గదిలో చేసిన పాట ఉంది. వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి ఒకటి, స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నుంచి ఒకటి, అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి ఒకటి, రష్యాలోని అప్పటి లెనిన్‌గ్రాడ్ నుంచి ఒకటి ఉన్నాయి. చివర్లో మన బొంబాయి నుంచి కూడా ఒకటుంది. సైడ్ ఏ గిటార్ల వైపు కాస్త మొగ్గుతుంది, సైడ్ బీలో మెషీన్లదే రాజ్యం. వీటిలో కొన్నింటిని అప్పట్లో కొన్ని వందల కాపీలు మాత్రమే వేశారు.

పోస్ట్-పంక్ అంటే ఏమిటి? పంక్ వేరు, ఇది వేరా?

వేరే. కానీ దాని కడుపున పుట్టిందే. 1976, 77లో ఇంగ్లండ్‌లో పంక్ వచ్చింది. రెండు మూడు కార్డ్స్ నేర్చుకుని, గిటార్ గట్టిగా, వేగంగా వాయించి, అరిచి పాడటం దాని పద్ధతి. 1978 జనవరిలో పంక్‌లో పెద్ద పేరున్న బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ విడిపోయేసరికి ఆ పద్ధతి మీద చాలామందికి మోజు తగ్గింది. కానీ పంక్ ఇచ్చిన ధైర్యం మాత్రం తగ్గలేదు. సంగీతం చేయడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదని ఆ కుర్రాళ్లకు అర్థమైపోయింది. ఇక జమైకా సంగీతం రెగె నుంచి బేస్ (లోతైన మంద్ర స్వరం) తీసుకున్నారు, డిస్కో నుంచి నడక తీసుకున్నారు, జర్మన్ బ్యాండ్ల నుంచి మెషీన్ చప్పుళ్లు తీసుకున్నారు. పోస్ట్-పంక్‌లో గిటార్ తరచుగా వెనక్కి జరుగుతుంది. పాటను భుజాన మోసేది బేస్ గిటార్.

మాంచెస్టర్‌లో జాయ్ డివిజన్, లీడ్స్‌లో గ్యాంగ్ ఆఫ్ ఫోర్ లాంటి పెద్ద పేర్లు అందరికీ దొరుకుతాయి కాబట్టి వాటిని ఇందులో పెట్టలేదు.

ఆ రోజుల సంగతి కూడా కొంచెం తెలిస్తే పాటలు బాగా ఎక్కుతాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. 1982 జనవరికల్లా బ్రిటన్‌లో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. పైగా అమెరికా, రష్యాల మధ్య అణుయుద్ధం వస్తుందేమోనన్న భయం. ఇరవై ఏళ్లవాళ్ల చేతిలో బోలెడంత ఖాళీ సమయం, మనసులో బోలెడంత టెన్షన్. ఈ పాటల్లో వినిపించేది అదే.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక విషయం చెప్పాలి. డెస్పరేట్ బైసికిల్స్ అనే లండన్ బ్యాండ్ 1977లో సొంతంగా ఒక రికార్డు వేసుకుంది. 500 కాపీలకు 153 పౌండ్లు అయింది. ఎంతయిందో దాచుకోలేదు, అందరికీ చెప్పారు. మీరూ చేయొచ్చు అన్నారు. మరుసటి ఏడాది స్క్రిట్టి పొలిట్టి తమ మొదటి సింగిల్ (కొద్ది పాటల చిన్న రికార్డు) కవర్ మీద స్టూడియోకి ఎంత, రికార్డు అచ్చుకి ఎంత, దాని మీద అంటించే కాగితం లేబుళ్లకు ఎంత అని లెక్క మొత్తం ముద్రించేసింది. పెళ్లైన మర్నాడు అరుగు మీద కూర్చుని పద్దు రాసినట్టు ఉంటుంది ఆ కవర్. ఎవరో ఒక కంపెనీ వచ్చి మనల్ని ఎంచుకోవాలని ఎదురుచూసే రోజులకు ఆ పద్దు ఒక జవాబు. అది చదివి ఎందరో కుర్రాళ్లు జేబులు తడుముకుని ఉంటారు.

సింథ్ అంటే మన క్యాషియోనేనా?

చుట్టం అనుకోండి. సింథ్ అంటే సింథసైజర్, కరెంటుతో స్వరాన్ని పుట్టించే వాద్యం. మన ఊళ్లలో పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు ఏ కంపెనీదైనా క్యాషియో అనే పిలిచేవాళ్లం. అందులో ఫ్లూట్, వయొలిన్ అని నంబర్లు నొక్కితే తయారుగా ఉన్న స్వరం వస్తుంది. ఈ క్యాసెట్‌లో వినిపించే పాత సింథసైజర్లలో చాలావాటికి ఆ నంబర్లు లేవు. నాబ్‌లు తిప్పి, స్వరాన్ని మనమే తయారు చేసుకోవాలి. కరెంటు తరంగాన్ని పుట్టించే భాగం ఒకటి, దాని పదును కోసే ఫిల్టర్ ఒకటి, స్వరం ఎంత త్వరగా లేచి ఎంత నెమ్మదిగా ఆరిపోవాలో చెప్పే భాగం ఒకటి ఉంటాయి. ఒక నాబ్ వెంట్రుకవాసి జరిగినా స్వరం మారిపోతుంది. నిన్న దొరికిన స్వరం ఇవాళ దొరకదు.

1970ల మొదట్లో ఇవి డబ్బున్న బ్యాండ్లకే అందేవి. 1978లో ఇంగ్లండ్‌లో వాస్ప్ (కందిరీగ) అనే చిన్న సింథ్ సుమారు 200 పౌండ్లకు వచ్చింది. నలుపు, పసుపు రంగులు, నిజంగానే కందిరీగలా ఉంటుంది. దాని మీటలు కదలవు. బల్లపరుపుగా ఉన్న పలక మీద మీటల బొమ్మ ఉంటుంది, వేలు తాకితే మోగుతుంది. బ్యాటరీలతో నడుస్తుంది, స్పీకర్ లోపలే ఉంటుంది. అదే ఏడాది జపాన్ నుంచి కోర్గ్ ఎంఎస్-20 వచ్చింది. 1980లో రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ వచ్చింది. డ్రమ్మర్ అక్కర్లేదు, రిహార్సల్ హాలు అక్కర్లేదు, పక్కింటివాళ్లతో గొడవ అక్కర్లేదు. ఒక్కడే మంచం మీద కూర్చుని బ్యాండ్ అయిపోవచ్చు.

డేనియల్ మిల్లర్ చేసింది అదే. లండన్‌లో ఇంట్లో కూర్చుని, ఒక కోర్గ్ సింథ్, నాలుగు చప్పుళ్లను విడివిడిగా ఎక్కించి కలపగలిగే ఒక 4-ట్రాక్ టేప్ మెషీన్ పెట్టుకుని 1978లో ద నార్మల్ అనే పేరుతో ఒక సింగిల్ చేశాడు. దాన్ని బయటికి తేవడానికి మ్యూట్ అని లేబుల్ (రికార్డు కంపెనీ) పేరు పెట్టుకున్నాడు. ఒక్క రికార్డు కోసం పెట్టుకున్న ఆ పేరే తర్వాత డెపెష్ మోడ్ లాంటి పెద్ద బ్యాండ్‌ని లోకానికి ఇచ్చింది.

పాడేవాళ్లకి శ్రుతి లేదేంటి? నీరసంగా పాడుతున్నారెందుకు?

ఈ ప్రశ్న మా ఇంట్లోనే మొదట వచ్చింది. మనం ఘంటసాల గొంతు, సుశీలమ్మ గొంతు విని పెరిగినవాళ్లం. గమకం లేని గొంతు మనకు సగం వండిన అన్నంలా అనిపిస్తుంది, అది సహజం.

సైడ్ ఏలో మొదటి పాట థామస్ లీర్ చేసిన ‘ప్రైవేట్ ప్లేన్’. 1978లో లండన్‌లో తాను ఉంటున్న చిన్న గదిలోనే రికార్డ్ చేశాడు. రాత్రిపూట అదే గదిలో అతని స్నేహితురాలు నిద్రపోతోంది. ఆమె లేవకూడదని గుసగుసగా పాడాడు. ఆ సంగతి తెలిసి మళ్లీ వినండి. సంగీతం మెల్లగా మోగుతుంటే దాని కింద ఒక మనిషి ఊపిరి బిగబట్టి పాడుతున్నాడు. గొంతు పెంచితే ఆ పాట ఉండదు.

కార్డిఫ్ బ్యాండ్ యంగ్ మార్బుల్ జెయింట్స్‌ది ఇంకో రకం నెమ్మది. గిటార్, బేస్, ఆర్గన్, ఒక అమ్మాయి గొంతు, అంతే. డ్రమ్మర్ లేడు. డ్రమ్ మెషీన్ చప్పుళ్లను క్యాసెట్‌లో ఎక్కించుకుని, వేదిక మీద ఆ క్యాసెట్ వేసి దానితో పాటు వాయించేవారు. 1980లో రఫ్ ట్రేడ్ లేబుల్ మీద ఒకే ఒక్క ఆల్బమ్ తెచ్చి, కొన్నాళ్లకే విడిపోయారు. అందరూ అరుస్తున్న రోజుల్లో వాళ్లు గొంతు తగ్గించారు. వాళ్ల పాట మధ్యలో వచ్చే ఖాళీని కూడా వినమని నా మనవి. తంబురా ఆగాక గదిలో కాసేపు మిగిలే నిశ్శబ్దం లాంటిది అది.

ఎవరికీ తెలియని పాటలే ఎందుకు? మంచివైతే అందరికీ తెలిసేవి కదా?

మంచిది కావడం వేరు, చేరడం వేరు. 500 కాపీలు వేసుకుని, భుజాన వేసుకుని నాలుగు షాపులకు తిరిగిన పాట ఎంత దూరం చేరుతుంది? చాలా బ్యాండ్లు రికార్డు దాకా కూడా వెళ్లలేదు. ఇంట్లో క్యాసెట్లు కాపీ చేసి, జిరాక్స్ కాగితం కవర్‌గా చుట్టి, పోస్టులో పంపుకున్నారు.

అప్పుడు రష్యాలో అయితే ఇంకో దారి లేదు. రికార్డులు వేసేది మెలోదియా అనే ప్రభుత్వ సంస్థ ఒక్కటే. లెనిన్‌గ్రాడ్‌లో విక్టర్ త్సోయ్ బ్యాండ్ కినో 1982లో చేసిన మొదటి ఆల్బమ్ రీలు టేపుల మీదే తిరిగింది. ఒకరి దగ్గర రీలు ఉంటే, ఇంకొకరు తమ టేప్ రికార్డర్ మోసుకొచ్చి కాపీ చేసుకునేవారు. ఆ అలవాటుకి మాగ్నిటిజ్దాత్ అని పేరు కూడా ఉంది. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ. ప్రతి చేతిలోనూ కాస్త బుస పెరిగేది, పాట మాత్రం ముందుకు పోయేది.

చేతులు మారడం వల్లే ఇవి బతికాయి. న్యూయార్క్‌లో వెరోనికా వాసికా 2005లో మినిమల్ వేవ్ అనే లేబుల్ పెట్టి, ఇలాంటి మర్చిపోయిన క్యాసెట్లను వెతికి, చేసినవాళ్లను పట్టుకుని మళ్లీ రికార్డులుగా తేవడం మొదలుపెట్టింది. ఆమె మొదట తెచ్చింది ఆపెన్‌హైమర్ అనాలిసిస్ పాటలు. అవి 1982లో ఇంట్లో చేసిన క్యాసెట్ మీదవి. ఇరవై ఏళ్లకు పైగా డ్రాయరు సొరుగులో ఉన్న సంగీతం అది. సైడ్ బీలో మూడో పాట వాళ్లదే.

అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా. మళ్లీ మిక్స్ ఎందుకు?

ఉండటం నిజమే. కానీ ఎవరూ చెప్పకుండా వాటి దగ్గరికి వెళ్లేదెలా? మా కాకినాడలో మెయిన్ రోడ్డు పక్కన రికార్డింగ్ షాపు ఉండేది. ఖాళీ క్యాసెట్, తెల్లకాగితం మీద పాటల లిస్టు ఇస్తే రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. లిస్టులో పాటలు అయిపోయి టేపు ఇంకా మిగిలితే, తనకు నచ్చిన పాట ఒకటి చివర్లో వేసేవాడు. మా నాన్న క్యాసెట్లలో మేం ఎక్కువసార్లు విన్నవి ఆ అడగని పాటలే. నేను చేస్తున్నదీ ఆ చివరి పాట పనే.

క్యాసెట్‌తో పాటు మూడు పేజీల కాగితం ఎందుకు ఇస్తున్నారు? పేర్లు ముఖ్యమా?

చాలా ముఖ్యం. క్యాసెట్ పోగొట్టుకున్నా నేనేం అనుకోను, ఆ కాగితం మాత్రం పోగొట్టుకోవద్దు.

1984 ప్రాంతంలో ఉత్తర జర్మనీలో ఒక కుర్రాడు ఎన్‌డీఆర్ రేడియో నుంచి తనకు నచ్చిన పాటలు క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాడు. పాటలు శుభ్రంగా ఉండాలని అనౌన్సర్ మాటలు రాకుండా జాగ్రత్తపడ్డాడు. అందులో ఒక పాట ఎవరిదో తర్వాత అతనికి తెలియలేదు. పేరు చెప్పిన మాటలే కదా పోయింది. 2007లో అతని సోదరి ఆ ముక్కను ఇంటర్నెట్‌లో పెట్టి, ఇది ఎవరిదో చెప్పగలరా అని అడిగింది. ఎవరికీ తెలియలేదు. 2019 నాటికి వేలమంది దాని వెంట పడ్డారు. అప్పటి రేడియో ఉద్యోగులను అడిగారు, పాత ప్రోగ్రామ్ లిస్టులు తిరగేశారు, సింథ్ చప్పుడు విని అది ఏ మోడలో వాదించుకున్నారు. చివరికి 2024 నవంబర్‌లో తేలింది. కీల్ నగరానికి చెందిన ఫెక్స్ అనే బ్యాండ్, పాట పేరు ‘సబ్‌వేస్ ఆఫ్ యువర్ మైండ్’. చేసినవాళ్లు బతికే ఉన్నారు. ప్రపంచం తమ పాట కోసం ఇంతగా వెతుకుతోందని అప్పటిదాకా వాళ్లకు తెలియదు.

అనౌన్సర్ నోటి నుంచి వచ్చే నాలుగు మాటలు టేపు మీద ఉండి ఉంటే ఆ వెతుకులాట అవసరమే లేదు. ఆ పాట సైడ్ బీలో ఆరోది. దాన్ని విన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నేనూ ఇదే తప్పు చేశాను. పన్నెండేళ్ల కిందట మొదటి మిక్స్ చేసినప్పుడు పేర్లు రాయకుండా పంచాను. పేర్లు లేకపోతే వినేవాళ్లు ఏ ముందస్తు అభిప్రాయం లేకుండా వింటారని అనుకున్నాను. ఒక స్నేహితురాలు రెండేళ్ల తర్వాత ఫోన్ చేసి, నాలుగో పాట ఎవరిది, వాళ్ల రికార్డు కొనుక్కోవాలి అంది. నాకు గుర్తులేదు. ఫైలు పాత హార్డ్ డిస్క్‌తో పాటు పోయింది. కొనడానికి డబ్బు చేత్తో పట్టుకుని నిలబడిన మనిషికి, చేసినవాళ్ల పేరు చెప్పలేకపోయాను. అప్పటి నుంచి బ్యాండ్ పేరు, పాట పేరు, ఊరు, ఏడాది, మొదట తెచ్చిన లేబుల్, ఇప్పుడు ఎక్కడ కొనొచ్చో చేత్తో రాసి మరీ ఇస్తున్నా.

చివర్లో రాగం వినిపిస్తోంది. అది ఇందులోకి ఎలా వచ్చింది?

అది చరణ్‌జిత్ సింగ్ వాయించిన భైరవ్. బొంబాయి సినిమా స్టూడియోల్లో గిటార్, కీబోర్డు వాయించిన మనిషి. 1982లో రోలాండ్ కంపెనీ మెషీన్లు టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 పెట్టుకుని, పది రాగాలను డిస్కో తాళంలో వాయించి ఆల్బమ్ చేశాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అదే 303 మెషీన్‌తో షికాగోలో యాసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టి పేరు తెచ్చుకున్నది 1987లో. 2010లో ఆ ఆల్బమ్ మళ్లీ బయటికి వచ్చాక ప్రపంచం ఉలిక్కిపడింది. 2015లో ఆయన చనిపోయేలోపు విదేశాల్లో వేదికల మీద మళ్లీ వాయించాడు, అదొక్కటే తృప్తి.

ఆయనది పోస్ట్-పంక్ కాదు, ఆయనకు దానితో సంబంధం లేదు. కానీ అవే మెషీన్లు, అవే సంవత్సరాలు, అదే ఒంటరి పని. పైగా మన దేశంలో సింథ్ చరిత్ర అనుకున్నదానికంటే పాతది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో పెట్టారు. అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ వచ్చి అమర్చాడు. అక్కడ చేసిన టేపులు 2023లో గానీ రికార్డుగా బయటికి రాలేదు.

దీన్ని ఎలా రికార్డ్ చేశారు?

కొన్న డిజిటల్ ఫైళ్లు, కొన్ని రికార్డుల నుంచి తీసుకున్నవి ముందు కంప్యూటర్‌లో వరసగా పేర్చాను. ఒక్కో పాట ఒక్కో గట్టిదనంతో ఉంటుంది. పాత రికార్డులకు కొత్తగా మళ్లీ వేసిన రీఇష్యూలు మరీ గట్టిగా ఉంటాయి. అన్నీ ఒకేలా వినిపించేలా గట్టివాటిని తగ్గించాను, మెత్తనివాటిని మాత్రం ఉబ్బించలేదు. ఉబ్బిస్తే యంగ్ మార్బుల్ జెయింట్స్ పాటలో ఆ ఖాళీ పోతుంది.

తర్వాత కంప్యూటర్ నుంచి క్యాసెట్ డెక్‌లోకి వైరు పెట్టి ఎక్కించాను. క్యాసెట్ మొదట్లో రికార్డ్ కాని పారదర్శకమైన ముక్క ఉంటుంది. దాన్ని నటరాజ్ పెన్సిల్‌తో తిప్పి దాటించాలి, లేకపోతే మొదటి పాట తల తెగిపోతుంది. మీటర్ ముల్లు గట్టి దరువు దగ్గర ఎరుపులోకి కాస్త తొంగిచూసి వెనక్కి రావాలి. అక్కడే కూర్చుంటే సింథ్ గొంతు బొంగురుపోతుంది.

మూడు రాత్రులు వృథా అయ్యాయి. మొదటి రాత్రి సన్నగా హుమ్‌మని మోత. లాప్‌టాప్ చార్జర్ తీసేస్తే పోయింది. రెండో రాత్రి 22వ నిమిషం దగ్గర కరెంటు పోయింది. డెక్ ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి ఆగలేదు. హమ్మయ్య అనుకున్నా. వెనక్కి తిప్పి వింటే, కరెంటు పోయిన క్షణం నుంచి పాట వెనక ఇన్వర్టర్ రొద కందిరీగలా మోగుతూనే ఉంది. మాది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. మూడో రాత్రి మళ్లీ అదే. నాలుగో రోజు తెల్లవారుజామున 4 గంటలకు లేచి, ఫ్యాను కూడా ఆపి, చెమటలు కారుతుంటే కూర్చుని ఎక్కించాను. మీ చేతిలో ఉన్నది ఆ కాపీ నుంచి వచ్చిందే.

60 నిమిషాలదే ఎందుకు? 90 దొరుకుతుందిగా?

టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. 30 నిమిషాల సైడ్‌కి సుమారు 86 మీటర్ల టేపు కావాలి. అదే డబ్బాలో ఎక్కువ నిమిషాలు పట్టాలంటే టేపు పల్చబడాలి, పల్చబడితే త్వరగా సాగుతుంది, చిక్కుపడుతుంది. 90 పర్వాలేదు. 120 మాత్రం కొనొద్దు. అంతకంటే ముఖ్యంగా, తెలియని పాటలు వినే ఓపిక మనిషికి ఒక్కసారికి అరగంటే అని నా అనుభవం.

పాటల వరస ఎలా పెట్టారు?

రెండు పాటల మధ్య అతుకు దగ్గర కళ్లు మూసుకుని విన్నాను. ఒకటి ఆరిపోయే స్వరం, రెండోది మొదలయ్యే స్వరం పక్కపక్కన కూర్చుంటాయా లేదా చూసుకున్నాను. డీజేల్లా పాటల వేగాలను ఒకదానితో ఒకటి కలపలేదు. ఇవి మనుషులు చేత్తో వాయించినవి, వాటి నడకను సాగదీయడం నాకు నచ్చదు. కష్టమైన పాటను ఎప్పుడూ మూడోదిగా పెడతాను. మొదటి రెండూ నచ్చితే మూడోదానికి ఓపిక పడతారు.

మా దగ్గర టేప్ రికార్డర్ లేదు. ఎలా వినాలి?

మిక్స్‌లు వినిపించే వెబ్‌సైట్ మిక్స్‌క్లౌడ్‌లో ఇదే వరసలో పెట్టాను. అక్కడ మీకు టేపు బుస వినపడదు, అంతే తేడా. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో బేస్ అసలు రాదు.

అటక మీద పాత టేప్ రికార్డర్ ఉంది. నేరుగా పెట్టేయొచ్చా?

దయచేసి వద్దు. ముందు మీకు అక్కర్లేని క్యాసెట్ ఏదైనా వేసి చూడండి. లోపల రబ్బరు బెల్టులు ఏళ్ల తరబడి వాడకపోతే సాగిపోతాయి, కొన్ని కరిగి జిగురైపోతాయి. అప్పుడు టేపుని నమిలేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్‌ని (టేపు ఆనే లోహపు భాగం), రబ్బరు చక్రాన్ని తుడవండి. దూదికి గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడవాలి.

మా కోస్తా తేమకు పాత క్యాసెట్లలో టేపు చుట్ట మీద తెల్లగా బూజు కూడా పడుతుంది. అలాంటి క్యాసెట్ ఒకటి పెడితే హెడ్‌కి బూజు అంటి, తర్వాత పెట్టినవాటికీ అంటుతుంది. ఇంకో మాట, రోహిణి కార్తె ఎండల్లో క్యాసెట్‌ని కారులో వదలొద్దు. డబ్బా వంకరపోతుంది.

ఇలా పంచడం చట్టానికి ఒప్పుతుందా?

సూటిగా చెప్తాను. వేరేవాళ్ల రికార్డింగుని కాపీ చేసి పంచాలంటే హక్కుదారు అనుమతి కావాలి. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన ఆ రూలు మారదు. పాట పాతదైపోయింది కదా అనడానికీ లేదు. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. 1981లో వచ్చిన రికార్డింగుకి 2041 చివరిదాకా అన్నమాట. బ్రిటన్‌లో 70 ఏళ్లు. 1981లో అక్కడి రికార్డు కంపెనీలు ఇంట్లో టేపులు చేసుకోవడం సంగీతాన్ని చంపేస్తోందని పెద్ద ప్రచారమే చేశాయి, క్యాసెట్‌కి కింద ఎముకల గుర్తు పెట్టి మరీ.

నేను పెట్టుకున్న హద్దులు ఇవి. డౌన్‌లోడ్ ఫైల్ ఎవరికీ ఇవ్వను. అమ్మను. క్యాసెట్ నాకు ముఖం తెలిసిన పది, పన్నెండు మంది దాటి వెళ్లదు. ఆన్‌లైన్‌లో హక్కుదారులకు రాయల్టీ కట్టే చోటే పెడతాను. చేసినవాళ్లు వద్దంటే ఆ రోజే తీసేస్తాను. ఇంతా చేసి కాపీరైట్ విషయంలో నేను పూర్తిగా ఒడ్డున ఉన్నానని అనను. అందుకే ఒక్క పాట నచ్చినా సరే, కాగితం మీద రాసిన చోట దాన్ని కొనమని ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. ఆ బ్యాండ్లలో బతికున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లు. ఎక్కడో కాకినాడ నుంచి ఒకరు తమ పాట కొన్నారని తెలిస్తే వాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

డబ్బులెంత?

ఏమీ లేదు. ఖాళీ క్యాసెట్ ఒకటి తెచ్చిస్తే సంతోషం.

క్యాసెట్ పైనున్న చిన్న ప్లాస్టిక్ ట్యాబ్‌లు విరిచేసి ఉన్నాయి. పాడైందా?

లేదు, నేనే విరిచాను. అవి విరిస్తే దాని మీద ఇంకేమీ రికార్డ్ కాదు.

మా మేనమామ మస్కట్‌లో పనిచేసేవాడు. ఉత్తరాలు రాసే అలవాటు లేక, క్యాసెట్లో మాట్లాడి ఊరికి వచ్చేవాళ్లతో పంపేవాడు. అమ్మమ్మ దాన్ని మధ్యాహ్నం పూట ఒక్కతే పెట్టుకుని వినేది. ‘అమ్మా, మందులు వేసుకుంటున్నావా’ అని మొదలయ్యేది. నాకు పదకొండేళ్లప్పుడు రేడియోలో పాటలు ఎక్కించుకోవడానికి ఖాళీ క్యాసెట్ అనుకుని అదే పెట్టాను. అరగంట పాటలు ఎక్కాయి. మామయ్య గొంతు చివర్లో ఓ నిమిషం మిగిలింది, ఎవరిదో అప్పు సంగతి చెప్తూ. అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ నిమిషం కోసం పాటలన్నీ దాటించుకుని వినేది. అప్పటి నుంచి ఏ క్యాసెట్ పూర్తయినా ముందు ట్యాబ్‌లు విరిచి, తర్వాతే డెక్ దగ్గర్నుంచి లేస్తాను.

జర్మన్, రష్యన్ పాటలు అర్థం కావు కదా?

నాకూ మొదట అర్థం కాలేదు. బెర్న్ బ్యాండ్ గ్రౌజోన్ 1981 పాట ‘ఐస్‌బేర్’ను పాతికసార్లు విన్నాక అర్థం వెతికాను. ధ్రువపు చలిలో ఎలుగుబంటినైపోతే బాగుండు, ఇక అరవక్కర్లేదు, అంతా తేటగా ఉంటుంది అంటాడు. వెనక డ్రమ్ములు రైలులా పోతుంటే. అర్థం తెలియకముందే నాకు ఆ చలి తెలిసిపోయింది. కాగితం మీద ఒక్కో పాటకు రెండు వాక్యాల్లో భావం రాశాను. కానీ మొదటిసారి చదవకుండా వినండి.

నచ్చింది. తర్వాత ఏం వినాలి?

కొత్తవాళ్ల దగ్గర మొదలుపెట్టాలనుకుంటే బెలారస్‌లోని మిన్‌స్క్‌లో పుట్టిన బ్యాండ్ మొల్చాత్ దోమా ఉంది. 2018 నాటి వాళ్ల ఆల్బమ్ ‘ఎతాజీ’ ఈ పాత చప్పుళ్లకు మనవడి లాంటిది. పాతవాటిలోకి వెళ్లాలంటే సంకలనాలే మంచి దారి. 2010లో వచ్చిన ‘ద మినిమల్ వేవ్ టేప్స్’, ఫ్రెంచ్ పాటలకు ‘బిప్ప్’ దొరుకుతాయి. ఒక పాట పట్టుకుంటే దాని లేబుల్ పట్టుకోండి. ఆ లేబుల్ మీద వచ్చిన మిగతావి వినండి. ఎవరి రికార్డు ఎవరు చేశారో రికార్డుల వివరాలు దొరికే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో ఉంటుంది. తెల్లవారిపోతుంది జాగ్రత్త.

ఇంట్లో అందరూ ఆపమంటున్నారు.

సైడ్ ఏ ఐదో పాట, ఫిలడెల్ఫియా బ్యాండ్ క్రాష్ కోర్స్ ఇన్ సైన్స్ దగ్గర అనుకుంటా. దాన్ని ఇయర్‌ఫోన్స్‌లో వినండి. ఆరోది అందరికీ పెట్టండి.

నేను కూడా ఒక మిక్స్ చేసి మీకు పంపొచ్చా?

తప్పకుండా పంపండి. ఏ సంగీతమైనా సరే. మీ తాతగారి ఊరి భజన బృందం పాడినవైనా, కాలేజీలో మీ స్నేహితుల బ్యాండ్ వాయించినవైనా నాకు సంతోషమే. సొంతంగా రికార్డ్ చేసినవైతే ఎవరు పాడారో, ఏ ఊళ్లో, ఏ ఏడో కాగితం మీద రాయండి. కచ్చితంగా తెలియకపోతే తెలిసినంతే రాయండి. రేడియో నుంచి ఎక్కించిన పాత క్యాసెట్ అయితే దాన్ని శుభ్రం చేయాలని చూడకండి. పాటకు ముందు అనౌన్సర్ గొంతు వస్తుంటే, అది పాట మీదికి కాస్త వచ్చినా సరే, అలాగే ఉండనివ్వండి.